ఎక్కడ దొరికిందని అడిగితే

జవాబు తెలిసి కూడా వెంటనే నోరు విప్పలేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. నాకు అలాంటిది ఒకటుంది: "ఈ ఇంకు ఎక్కడ కొన్నారు?" జీతమెంత, ఇంటి అద్దెంత అని ఎవరైనా అడిగితే దాచను, చెప్పేస్తాను. ఇంకు దొరికే చోటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట గొంతులో ఆగుతుంది. "ఎక్కడో దొరికిందిలెండి, గుర్తు లేదు" అనేసి మాట మార్చిన సందర్భాలున్నాయి. గుర్తు లేకపోవడమేమిటి? ఆ అంగడి మెట్లు గుర్తు, గల్లాపెట్టె పక్కన వెలిగే అగరొత్తు గుర్తు, సీసాలు పెట్టిన అర ఎంత ఎత్తులో ఉందో కూడా గుర్తే. మరి ఎందుకు చెప్పలేకపోతున్నాను? ఈ దాపరికం వేరు ఎక్కడుందో చూసుకోవాలనే ఇది రాస్తున్నాను. ఇంకు బుడ్డి కోసం ఇంత తర్కమా అనిపించవచ్చు. పెద్ద విషయాల్లో నలుగురూ చూస్తుంటారు కనుక ఎవరైనా జాగ్రత్తగానే మసలుకుంటారు. నన్ను నేను పట్టుకోవాలంటే ఇలాంటి చిన్నచోటే వెతకాలి.

నాకు కావలసింది మామూలు నీలం కాదు. బ్లూ-బ్లాక్. అందులోనూ ఇనుముతో చేసే పాతకాలపు బ్లూ-బ్లాక్. ఐరన్ గాల్ ఇంకు అంటారు. చెట్టు కాయల వగరు, అన్నభేది, ఈ రెండూ దానికి ప్రాణం. యూరప్ వాళ్లు ఓక్ చెట్ల మీద పురుగు వల్ల పుట్టే మాచికాయలు వాడారు. మన వైపు కరక్కాయ ఆ పని చేస్తుంది. వగరులో ఉండే టానిక్, గాలిక్ ఆమ్లాలూ అన్నభేదిలోని ఇనుమూ సీసాలో కలిసి ఉన్నంతసేపు పెద్దగా రంగు ఉండదు. రాసేటప్పుడు అక్షరం కంటికి ఆనాలి కనుక అందులో కాస్త నీలిరంగు కలుపుతారు. కాగితం మీద పడ్డాక గాలి సోకి ఇనుము గుణం మారుతుంది, నల్లబడి కాగితం నారలోనే పాతుకుపోతుంది. ఆపైన నీళ్లు ఒలికితే నీలం కొట్టుకుపోవచ్చు గానీ నలుపు కదలదు. లండన్‌లో హెన్రీ స్టీఫెన్స్ అనే ఆయన 1832లో ఈ తరహా ఇంకు అమ్మకం మొదలుపెట్టాక ప్రపంచంలోని కచేరీలన్నీ దీన్నే పట్టుకున్నాయి. మన దేశంలోనూ దీనికో ప్రమాణం రాసిపెట్టారు, ఐఎస్ 220 అని. ఫౌంటెన్ పెన్నులో పోసే ఈ ఇంకులో ఇనుము 0.1 శాతం ఉండాలన్నది అందులోని మాట.

దీన్ని చదివి తెలుసుకోవడం వేరు, చూడటం వేరు. మంచి బాండ్ పేపరు మీద ఒక పేజీ రాయండి. పాళీ వెంట వచ్చేటప్పుడు అది నీళ్లు కలిపిన నీలంలా పలచగా ఉంటుంది. ఇదేం ఇంకురా అనిపిస్తుంది. పేజీ అడుగుకు వచ్చి తలెత్తి చూస్తే పై వరుస అప్పటికే మబ్బు రంగుకు తిరిగి ఉంటుంది, రాస్తున్న వరుస మాత్రం ఇంకా నీలంగానే ఉంటుంది. ఒకే పేజీలో ముందు రాసిందేదో వెనక రాసిందేదో రంగే చెబుతుంది. మర్నాడు తెరిస్తే తలకట్టు మొదలయ్యే చోట, ఒత్తు తిరిగే చోట, అంటే పాళీ ఒక్క క్షణం నిలిచిన ప్రతిచోటా, గట్టి నలుపు తేలి ఉంటుంది. సన్నగా జారిన గీతల్లో నీలం ఇంకా వదలదు. మన లిపి అంతా గుండ్రాలే కదా, సున్నా చుట్టిన చోటల్లా ఒక పక్క నీలం, ఒక పక్క నలుపు. వారం గడిచాక పేజీ మొత్తం ఒక్క రంగుకు వస్తుంది. ఏ ఇతర ఇంకులోనూ నాకు ఈ సంబరం లేదు. రాసి పడుకున్నాక కూడా అక్షరం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

ఈ పిచ్చికి మూలం మా నాయన. ఆయన హిందూపురంలో దస్తావేజులు రాసేవాడు. సబ్ రిజిస్ట్రారు కచేరీ ఎదురుగా వేపచెట్టు నీడలో బల్ల, బల్ల మీద రెండు పెన్నులు, ఒక ఇంకు బుడ్డి, అద్దుడు కాగితం. ఉత్తరాలకూ లెక్కలకూ ఏ ఇంకైనా సరే అనేవాడు గానీ స్టాంపు కాగితం మీద మాత్రం పర్మనెంట్ బ్లూ-బ్లాక్ తప్ప పడనిచ్చేవాడు కాదు. "పొలం ఉన్నంత కాలం కాయితం ఉండల్ల. కాయితం ఉన్నంత కాలం రాత ఉండల్ల" అనేవాడు. నాయన పోయాక మా ఇంట్లో మిగిలిన నకళ్లు కొన్ని నా దగ్గరున్నాయి. అంచులు పసుపెక్కి, మడతల దగ్గర చిరిగాయి. రాత మాత్రం చెక్కుచెదరలేదు. అదే పెట్టెలో నేను కాలేజీలో రాసుకున్న నోట్సు ఉంది. మామూలు నీలం ఇంకు. వానకు పెట్టె తడిసినప్పుడు ఆ పేజీలు నీలి మరకలయ్యాయి.

ఇక్కడ నన్ను నేను నిలదీసుకోవలసింది ఒకటుంది. నాయన రాసినవి ఇతరుల పొలాలు, ఇళ్లు, వాటాలు. అవి నిలవడం అవసరం. నేను రాసేవి కన్నడం నుంచి తెలుగులోకి తర్జుమాల చిత్తుప్రతులు, కొన్ని ఉత్తరాలు, రోజువారీ ముచ్చట్లు. చిత్తుప్రతి కంప్యూటరులోకి ఎక్కాక చెత్తబుట్టకే పోతుంది. దానికి చెరగని ఇంకు దేనికి? చాలాకాలం ఈ ప్రశ్న వేసుకోలేదు. వేసుకున్నాక నిజాయితీగా తేలింది ఇది: రాత నిలవాలన్న కోరిక కంటే నాయన బల్ల దగ్గర కూర్చున్నట్టు ఉండాలన్న కోరిక నాలో ఎక్కువ. ఆయన వాడిన వస్తువు నా చేతిలో ఉంటే ఆయన పనిలోని గాంభీర్యం నా పనికీ వస్తుందన్న ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదనే అనుకుంటున్నాను. చెరిగిపోతుందని తెలిస్తే చెయ్యి తేలికగా పోతుంది. ఉండిపోతుందని తెలిస్తే మాటకు ముందు ఒక్క క్షణం ఆగుతాను. తర్జుమా చేసేవాడికి ఆ ఒక్క క్షణం చాలా అవసరం.

ఇక దొరకడం సంగతి. అంగళ్లలో బ్లూ-బ్లాక్ అని పేరున్న సీసాలకు కొదవలేదు. చాలావాటిలో ఉన్నది రంగే, ఇనుము లేదు. ఆమ్లం ఉన్న ఇంకు స్టీలు పాళీని మెల్లగా తింటుంది, పెన్నును ఎండబెడితే లోపల పేరుకుంటుంది, తరచూ నీళ్లతో కడగాలి. ఇంత ఓపిక ఉన్నవాళ్లు తగ్గారు, బాల్ పెన్ను వచ్చాక కచేరీలకూ దీని అవసరం తీరింది. ఇప్పటికీ పట్టుబట్టి చేసేవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. హానోవర్‌లో పుట్టిన పెలికాన్ కంపెనీ 4001 బ్లూ-బ్లాక్, లివర్‌పూల్ డయమైన్ వాళ్ల రిజిస్ట్రార్స్ ఇంకు, జపాన్‌లో ప్లాటినం వాళ్ల బ్లూ-బ్లాక్, 1892లో లైప్‌జిగ్‌లో మొదలైన రోరర్ అండ్ క్లింగ్‌నర్ వాళ్ల సాలిక్స్. నా చేతికి నప్పింది సాలిక్స్. పారుదల సమంగా ఉంటుంది, మన కాగితాల మీద ఈకలు ఈకలుగా చెదరదు. దిగుమతి చేసేవాళ్లు తెచ్చేది ఎక్కువగా మెరుపు తళుకుల రంగులు, అమ్ముడుపోయే రంగులు. ఎండాక నల్లబడే సీసాను ఎవరు అడుగుతారు?

బెంగళూరులో కాగితం, పెన్ను, పుస్తకం అనగానే కాళ్లు వాటంతట అవే అవెన్యూ రోడ్డుకు పోతాయి. పాత పేరు దొడ్డపేట. 1537లో కెంపేగౌడ ఊరు కట్టినప్పుడు చిక్కపేట, దొడ్డపేట కలిసే కూడలి నుంచే నాలుగు దిక్కులకూ ఎడ్లతో నాగలి సాళ్లు దున్నించాడని చెబుతారు. మైసూర్ బ్యాంక్ సర్కిల్ దగ్గర మొదలై కె.ఆర్. మార్కెట్ దాకా సాగే ఆ ఇరుకు దారిలో పాత పాఠ్యపుస్తకాల గుట్టలు, వాటి మధ్య రైస్ మెమోరియల్ చర్చి, సందుల్లోకి తిరిగితే సుల్తాన్‌పేటలో పెళ్లి శుభలేఖలు, కాగితం రీములు. కన్నడంలో బేరం మొదలవుతుంది, మాట యాసను బట్టి మధ్యలో తెలుగులోకో తమిళంలోకో తిరుగుతుంది. తరాలుగా అక్కడ అంగళ్లు నడిపే తెలుగు కుటుంబాలున్నాయి. హోల్‌సేలు స్టేషనరీ అమ్మే అలాంటి ఒక పెద్దాయన దగ్గరే నాకు ఆ సీసా మొదట కనిపించింది. లెక్కల పుస్తకాల వెనక, స్టాంపు ప్యాడ్ ఇంకుల పక్కన దుమ్ము కొట్టుకుని ఉంది. ఎవరో తెప్పించమని చెప్పి తీసుకోకుండా వదిలేశారట.

సీసా చేతికి వచ్చిన క్షణంలో నాలో ఏం జరిగిందో బాగా గుర్తుంది. ముందు సంతోషం కలగలేదు. "ఇంకా ఎన్ని ఉన్నాయి?" అన్న ప్రశ్న ముందు వచ్చింది. ఉన్నవన్నీ ఇవ్వమన్నాను.

లెక్క వేస్తే ఆ ఆత్రానికి అర్థం లేదు. సీసా 50 మిల్లీలీటర్లు. కన్వర్టరు పెన్నులో పట్టేది ఒక మిల్లీలీటరుకు అటూ ఇటూ. అంటే ఒక్క సీసాతో యాభై సార్లు నింపుకోవచ్చు. రోజూ రాసేవాడికి కూడా ఏడాదికి దగ్గరగా వస్తుంది. పోనీ, అన్నీ కొని బీరువాలో పెట్టుకుంటే జన్మకు సరిపోతుంది కదా అనుకుంటే అదీ కుదరదు. కాగితం మీద ఈ ఇంకును నల్లబరిచే గాలి సీసాలోకి వెళ్లినా అదే పని చేస్తుంది. మూత తీసిన ప్రతిసారీ కొంత గాలి లోపలికి పోతుంది, కొంత ఇనుము మారుతుంది, అడుగున మడ్డి దిగుతుంది. ఆ మడ్డితో నింపితే పాళీ మూసుకుపోతుంది. సీలు తీయని సీసాకూ వయసుంది. ఏ గుణం కోసం దీన్ని కోరుకుంటానో ఆ గుణమే దీన్ని దాచుకోనివ్వదు. ఇది తోడు పెరుగు లాంటిది. కుండలో పెట్టి దాచుకుంటే పులిసి పోతుంది, పక్కింటికి ఇచ్చి పుచ్చుకుంటుంటేనే వాడలో నిలుస్తుంది. నాకు కావలసింది బీరువా నిండా సీసాలు కాదు, ఏటా తాజాగా ఒకటి తెచ్చిపెట్టే మనిషి.

తెలిసింది కదా అని మనసు మారలేదు. దొరకని వస్తువు చేతిలో ఉన్నవాడి గర్వం వేరు. సాహిత్య సమావేశాల్లో సంతకం పెట్టేటప్పుడు పక్కవాళ్లు "ఇదేదో తమాషాగా ఉందే, రంగు మారుతోంది" అన్నప్పుడు నాకు లోపల చల్లగా ఉంటుంది. అందరి దగ్గరా అదే ఉంటే ఆ మాట ఎవరంటారు? నేను ప్రేమించింది ఇంకునా, ఇంకు దొరకకపోవడాన్నా? రెండూ కలిసే ఉన్నాయి. ఏది ఎంత అని విడదీయబోతే రెండోదే బరువు తూగే రోజులున్నాయి. ఆ మాట రాయడం కష్టంగా ఉంది, అయినా నిజం అదే.

ఒక కుర్రవాడి వల్ల ఇది గట్టిగా తెలిసివచ్చింది. రాజమండ్రి నుంచి వచ్చి మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు. వాళ్ల తాతగారిదట, జేబులోంచి ఒక రత్నం పెన్ను తీశాడు. నల్లటి ఎబోనైటు, చేతి వాడకానికి నున్నబడి ఉంది. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. కోసూరి వెంకటరత్నం గారు గాంధీ మాట పట్టుకుని 1930ల్లో రాజమండ్రిలో చేసిన స్వదేశీ పెన్నుల కథ తెలియని తెలుగువాడు ఉండడు. తన అనుచరుడు కుమారప్ప ద్వారా అందిన పెన్నుతో రాసి చూసి, విదేశీ పెన్నులకు బదులు పనికొస్తుందని గాంధీ ఆయనకు ఉత్తరం రాసింది 1935 జులై 16న. నేను ఇదంతా ఉత్సాహంగా చెబుతున్నాను. అతను అన్నీ విని, నా పుస్తకం మీద రాత చూసి, "మాస్టారూ, ఈ ఇంకెక్కడ దొరికిందండీ మీకు? తాతయ్య ఉత్తరాల్లో రంగు ఇలాగే ఉంటుందండి" అన్నాడు.

గంటసేపు స్వదేశీ గురించి మాట్లాడిన నోరు ఆ ప్రశ్నకు మూతపడింది. "చూద్దాంలే బాబూ" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను, పట్టింది. కానీ మర్నాడు పని మధ్యలో ఆ "చూద్దాంలే" పదేపదే గుర్తొచ్చింది. అతను అడిగింది వాళ్ల తాత రాత రంగు. నేను వెతుకుతున్నది మా నాయన రాత రంగు. ఇద్దరం వెతికేది ఒకటే అయినప్పుడు నాకు అతని మీద చనువు పెరగాలి గానీ అనుమానం ఎందుకు కలిగింది?

ఇంకు చరిత్ర చూస్తే ఈ దాపరికం మరీ చిన్నదిగా కనిపిస్తుంది. విదేశీ ఇంకుతో స్వరాజ్యం గురించి రాయడం బాగాలేదని గాంధీ అనుకున్నప్పుడు బెంగాల్ కెమికల్స్‌లో పనిచేసిన సతీశ్‌చంద్ర దాస్‌గుప్తా స్వదేశీ ఇంకు తయారీకి పూనుకున్నారు. ఆ దారిలో మైత్రా సోదరులు 1934లో రాజ్‌షాహీలో సులేఖ ఇంకు మొదలుపెట్టారు, తర్వాత అది కలకత్తా జాదవ్‌పూర్‌లో పెద్ద కర్మాగారమైంది. అంతకు కొద్దిగా ముందు, 1931లో, బొంబాయిలో దాండేకర్ గుర్రం బొమ్మ మార్కుతో ఇంకు పొడి, ఇంకు బిళ్లలు అమ్మడం మొదలుపెట్టారు. అదే తర్వాత కామ్లిన్ అయింది. వీళ్లెవరూ ఎవరికీ దొరకని ఇంకు చేయాలనుకోలేదు. బడిపిల్లవాడి బుడ్డి దాకా వెళ్లాలనుకున్నారు. సులేఖ 1980ల చివర్లో మూతపడి, 2006లో మళ్లీ తలుపులు తెరిచినా, ఫౌంటెన్ పెన్ను ఇంకు తిరిగి తెచ్చింది 2020లోనే. అడిగేవాళ్లు ఉన్నారని తెలిసినప్పుడే అది జరిగింది. ఆ అడిగినవాళ్లలో నాలాంటి వాళ్లు ఎవరికీ చెప్పకుండా కూర్చుని ఉంటే ఏమయ్యేది?

బెంగళూరుకు ఈ విషయంలో ఒక విచిత్రమైన స్థానం ఉంది. ఇక్కడ 2002లో మొదలైన విలియం పెన్ అనే పెన్నుల వ్యాపార సంస్థ 2022లో అమెరికా షీఫర్ కంపెనీని కొనుక్కుంది. 1922లో స్క్రిప్ ఇంకు తెచ్చి పెన్ను లోకంలో పేరు మోసిన షీఫర్ అది. అయోవాలోని చిన్న ఊళ్లో నగల వర్తకుడి చేతిలో పుట్టిన ఆ పేరుకు ఇప్పుడు ఇంటి చిరునామా మన ఊరు. అటు మైసూరుకు వెళితే 1937లో నాల్వడి కృష్ణరాజ ఒడయరు నెలకొల్పిన మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్ ఉంది. 1962 సాధారణ ఎన్నికల నుంచి మన చూపుడువేలు మీద పడే చెరగని సిరా అక్కడిదే. హైదరాబాదులో రాయుడు లేబొరేటరీస్ కూడా ఆ తరహా సిరా చేస్తుంది. దానిలో ఉండేది సిల్వర్ నైట్రేటు. వేలికి పూసినప్పుడు ఊదా, వెలుతురు తగిలాక నలుపు. మైసూరు సిరా ఏ అంగట్లోనూ అమ్మరు, ఎన్నికలు జరిపేవాళ్లకే వెళుతుంది. దొరకకపోవడానికి అక్కడ ఒక కారణం ఉంది: ఒక మనిషి రెండు ఓట్లు వేయకూడదు. నా ఇంకు దొరకకపోవడానికి అలాంటి కారణమేమీ లేదు. కొనేవాళ్లు లేరు, అంతే. కొనేవాళ్లు లేకపోవడంలో నా మౌనానికీ వాటా ఉంది.

ఒక దశలో, ఎవరి మీదా ఆధారపడకుండా నేనే చేసుకుంటే సరిపోతుంది కదా అన్న ఆలోచన వచ్చింది. చిక్కపేట వెనక సందుల్లో మూలికలు అమ్మే అంగళ్లున్నాయి. అక్కడ కరక్కాయకు అళలెకాయి అని అడగాలి, అన్నభేది అంటే అలాగే ఇస్తారు. కరక్కాయలు దంచి, పెచ్చులు నీళ్లలో నానబెట్టి, కాచి, వడగట్టి, ఆ గోధుమరంగు నీళ్లలో చిటికెడు అన్నభేది వేశాను. స్ఫటికం కరుగుతూ కరుగుతూ ఉన్నచోటు నుంచే నల్లటి పాయలు పాకాయి, గరిటె తిప్పేలోపు గిన్నె అంతా కాటుక రంగయింది. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు ఇదే చేస్తారు. బట్టను ముందు కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టి, తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన ద్రవంతో గీతలు గీస్తారు. కలం తాకిన చోట బట్ట నల్లబడుతుంది. వాళ్ల నలుపూ మా నాయన దస్తావేజు నలుపూ ఒకే జాతి అని ఆ గిన్నె ముందు నిలబడ్డప్పుడు ఒళ్లంతా తెలిసింది. నేను కాచిన సిరా ముంచి రాసే పాళీతో బ్రహ్మాండంగా పలికింది. ఫౌంటెన్ పెన్నులో పోసేది మాత్రం కాదు. నలుపు గిన్నెలోనే తయారైపోయింది, పాళీ కింద నాలుకలోని సన్న గాడుల్లో అది గడ్డకడుతుంది. ఇనుమును కాగితం చేరేదాకా కరిగే స్థితిలోనే నిలబెట్టడంలో, ఆమ్లం పాలు పాళీని తినకుండా తూకం వేయడంలో ఒక పనితనం ఉంది. అది ఎవరో ఎక్కడో జీవితమంతా పెట్టి నేర్చుకున్నది. వంటింట్లో ఒక మధ్యాహ్నం కూర్చుని దాన్ని అందుకోలేను. ఎవరి అవసరమూ లేకుండా బతకాలన్న నా పట్టుదలకు ఆ గిన్నె గట్టి జవాబే చెప్పింది.

సాలిక్స్ అయిపోవస్తున్నప్పుడు అవెన్యూ రోడ్డు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, పెన్సిళ్ల పెట్టెలు లెక్కపెట్టడం ఆపకుండానే మాట్లాడాడు.

"ఆ ఇంకా స్వామీ? తెప్పించాలంటే డజనుకు తక్కువ పంపరు వాళ్లు. డజను తెస్తే మీరు రెండు తీసుకుంటారు, జయనగరం లాయరు ఒకటి. మిగతావి నా అరలోనే ముసలివైపోతాయి."

"అడిగేవాళ్లు ఉంటారండీ, వాళ్లకు తెలీదు అంతే."

"తెలీదా? మీ పక్కన రాసేవాళ్లు ఎందరో ఉన్నారంటారు కదా. మీరు ఒక్కరికైనా చెప్పినారా?"

కోపంగా అనలేదు. వ్యాపారి లెక్క అడిగినట్టే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆయన మళ్లీ పెట్టెలు లెక్కపెట్టుకోసాగాడు. నా రహస్యం ఆయనకు నష్టం. ఆయనకు నష్టమైతే ఆ అరలో నా సీసా ఉండదు. ఇంత సులువైన లెక్క నాకు ఎందుకు తట్టలేదంటే, నేను ఆయన్ని మనిషిగా చూడలేదు, నిధి ఉన్న చోటుగా చూశాను. ఆయనకు అద్దె ఉంది, జీతమివ్వవలసిన కుర్రవాళ్లున్నారు, అమ్ముడుపోని సరుకు భయం ఉంది. ఏటా ఒక సీసా కొని పొంగిపోయే నాలాంటివాడి మీద ఆ అంగడి నడవదు.

బయటికి వచ్చి చర్చి గోడ పక్కన నిలబడి ఆ రాజమండ్రి అబ్బాయికి ఫోన్ చేశాను. అంగడి ఎక్కడో చెప్పాను, మెట్రో దిగి ఏ సందులో తిరగాలో చెప్పాను, పెద్దాయనతో తెలుగులో మాట్లాడొచ్చనీ చెప్పాను. చెబుతున్నంతసేపు ఏదో చేజారుతున్నట్టే ఉంది. అతను మాత్రం ఉబ్బితబ్బిబ్బైపోయాడు. ఈ ఇంకు వాడితే పెన్ను ఎన్నాళ్లకోసారి కడగాలి, వాడకుండా వారాల తరబడి వదిలేస్తే ఏమవుతుంది, బంగారు పాళీకైతే భయం లేదా, స్టీలుకైతే ఎలా అని వరసపెట్టి అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పాను. మూత వెంటనే బిగించమన్నాను. ఏడాదికి పైగా తెరిచి ఉన్న సీసాను వెలుతురుకు పట్టి చూడమన్నాను, అడుగున మడ్డి తేలితే పాతకాలపు తాత పెన్నులో పోయొద్దన్నాను. ఆ జాగ్రత్తలు చెప్పేటప్పుడు గొంతు తెరుచుకుంది. ఆ సంగతి నాకే ఆశ్చర్యంగా ఉంది. చోటు చెప్పడానికి పట్టిన కష్టం, పద్ధతి చెప్పడానికి పట్టలేదు.

తర్వాత పని అతనే అందుకున్నాడు. తన స్నేహితులను, వాళ్ల స్నేహితులను అడిగి పేర్లు రాయించాడు. అందులో ఇద్దరు పరీక్షలు రాసే పిల్లలు, ఒక పశువుల డాక్టరు, మిగతావాళ్లు కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్లు. డజనుకు సరిపడా పేర్లు వచ్చాయి, కొన్ని మిగిలాయి కూడా. ఒక్కటే చిక్కు వచ్చింది. ఆ సీసా ఒకదాని డబ్బుతో కామ్లిన్ వాళ్ల కామెల్ సీసాలు డజను పైనే వస్తాయి కనుక పరీక్షల పిల్లలిద్దరూ వెనక్కి తగ్గారు. వాళ్లకు చెరగని ఇంకు అవసరమూ లేదు. పరీక్ష కాగితం దిద్దాక ఎవరు దాచుకుంటారు? కామెల్ రాయల్ బ్లూ చాలు, అది మంచి ఇంకే, నేనే వాళ్లకు ఆ మాట చెప్పాను. ఇనుప ఇంకు ఎవరికి కావాలో వాళ్లే వాడాలి. గొప్పకు వాడితే పెన్ను పాడవుతుంది.

పెద్దాయన బయానా తీసుకున్నాడు. సరుకు ఎప్పుడొస్తుందో ఆయనకూ తెలియదు. వానాకాలంలో పార్సిళ్లు ఆలస్యమవుతాయి, గాజు సీసా కనుక పగిలే భయమూ ఉంది. ఈసారి నా పేరు మీద రెండు రాయించబోయి ఒకటే రాయించాను. అందులో త్యాగమేమీ లేదు, ఏడాదికి ఒకటి చాలన్న లెక్క ఇప్పుడు నాకు తెలుసు. ఆర్డరు కాగితం మీద నా పేరు ఎక్కడుందో మాత్రం చూసుకున్నాను. అబ్బాయి పేరు పైన ఉంది, నాది నాలుగోది. పెట్టెలో ఏదైనా పగిలివస్తే ముందున్నవాళ్లకే ఇస్తారు కదా అన్న ఆలోచన మెట్లు దిగుతుంటే వచ్చింది. ఇది రాస్తున్న ఇవాళ పొద్దున కూడా వచ్చింది.